పువ్వు కోసం గ్లాడియోలస్ పెంచకండి

అక్టోబరు రాగానే రంగు చూసి గ్లాడియోలస్ దుంపలు కొంటారు. సంక్రాంతి చలిలో పూత చూసి మురిసిపోతారు. కాడ వాడగానే నీళ్లు మానేస్తారు. మరుసటి ఏడు మళ్లీ కొనుక్కుంటారు. ఈ మొక్కకు అంతకన్నా అన్యాయం లేదు. పువ్వు చుట్టం, దుంప ఇంటి మనిషి. నా మాటలు తలకిందులుగా తోచినా సరే, ఇలా చేయండి.

1. ముందువాకిట్లో నాటకండి. పెరట్లో, నీరు నిలవని చోట, రోజంతా ఎండ తగిలేలా కూరగాయల్లాగే సాళ్లలో పెట్టండి. నాలుగంగుళాల లోతు, అరడుగు ఎడం చాలు. బీన్స్ పక్కన మాత్రం వద్దు. బీన్స్‌కు సోకే మొజాయిక్ వైరస్ ఈ దుంపల్లోనూ దాక్కుంటుంది. పేనుబంక దాన్ని అటూ ఇటూ మోస్తుంది.

2. వెడల్పు చూసి మోసపోకండి. పలచగా పరుచుకున్న పెద్ద దుంప కన్నా నడిమధ్య ఎత్తుగా ఉబ్బిన చిన్న దుంప మేలు.

3. మొదటి ఏడు పూత చూడకండి. ఆకుల మధ్య నుంచి పూకాడ తొంగిచూడగానే తుంచేయండి. మనసు ఒప్పదు. నాకూ ఒప్పలేదు. అయినా తుంచండి. పూతకు పోయే బలం దుంపకు దిగుతుంది. ఆకు మాత్రం ఒక్కటీ తెంపకండి.

4. రెండో ఏడు ఉండబట్టలేకపోతే, అడుగు మొగ్గ రంగు తేలగానే కాడ కోసి పక్కింటి వదినకు ఇచ్చేయండి. మొక్కకు నాలుగైదు ఆకులు మిగలాలి. తక్కిన మొగ్గలు వాళ్లింట్లో నీళ్లలో ఒక్కొక్కటిగా విచ్చుకుంటాయి.

5. అందరూ నీళ్లు మానేసే రోజుల్లో మీరు పొయ్యండి. కాడ పోయాక ఆరేడు వారాల పాటు నేలలో అసలు పని జరుగుతుంది. పాత దుంప హరించుకుపోతూ ఉంటే దాని నెత్తిన కొత్తది ఊరుతుంది. ఆకులు పసుపెక్కాకే నీళ్లు ఆపి తవ్వండి.

6. నీడలో బాగా ఆరబెట్టి, గుడ్డసంచిలో పోసి, ఫ్రిజ్‌లో కూరగాయల అర వీటికి ఇచ్చేయండి. ఆ మూడు నెలలు టమాటాలకు అక్కడ చోటు లేకపోయినా సరే. దుంపకు ఆ చలి తగిలితే నిద్ర తీరి, మళ్లీ నాటినప్పుడు అన్నీ సమంగా మొలుస్తాయి.

7. దుంప చుట్టూ అంటుకున్న శనగగింజలంత పిల్లదుంపలను పారేయకండి. వాటి పెంకు గట్టిది, ఒక రోజు నానబెట్టి నాటండి. పూతకు రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. తొందరపెట్టకండి.

తవ్విన రోజు కొత్త దుంపను తిరగేసి చూడండి. అడుగున అప్పడంలా ఎండి అతుక్కున్నది ఒకటి కనిపిస్తుంది. అక్టోబరులో మీరు నాటింది దాన్నే. తనలో ఉన్నదంతా పైదానికి ఇచ్చేసి అలా మిగిలింది. దాన్ని బొటనవేలితో ఊడదీస్తున్నప్పుడు, పూకాడ తుంచినందుకు నాకు మొదటిసారి బాధ అనిపించలేదు.