ఎడ్లబండికి ఎనిమిది మార్కులు

ఏమిట్రా అబ్బాయ్, ట్రాన్స్‌పోర్ట్ ప్లానర్ అవుతావా? లాప్‌టాప్ కొనే ఉంటావులే.

మా రోజుల్లో ఆ పనికి కావలసినవి ఒక అట్ట, పెన్సిలు, గొడుగు. పంజగుట్ట చౌరస్తాలో స్టూలేసుకు కూర్చుని, పోయే ప్రతి బండికీ ఓ నిలువుగీత, అయిదోదానికి అడ్డగీత. మధ్యలో ఇరానీ చాయ్, అందులో ముంచుకోడానికి ఉస్మానియా బిస్కెట్టు. ఆ బిస్కెట్టూ ఇప్పుడు అలా లేదు, సరే. రాత్రి షిఫ్టు కుర్రాళ్లు కునికిపాట్లు పడుతూ కూడా గీతలు గీసేవాళ్లు, లెక్కలో ఒక్క బండి తగ్గేది కాదు! ఇప్పుడో, కెమెరా లెక్కపెడుతుంది, కంప్యూటర్ కూడుతుంది, మీరు ఏసీలో కూర్చుని రంగుల మ్యాపు చూపిస్తారు.

బండి ఆపడానికి పక్కన ఒక పోలీసు. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ పని మీద అని మేం అడిగేవాళ్లం. ఓ పెద్దాయన కూతురి సంబంధం సంగతంతా చెప్పి, పెళ్లికి కూడా పిలిచాడు. ఇప్పుడు సెల్‌ఫోన్లు ఎటు కదిలాయో చూసి తేల్చేస్తారట. ఫోన్ ఎటు పోయిందో తెలుస్తుంది సరే, సంబంధం కుదిరిందో లేదో తెలుస్తుందా?

ఏ బండి రోడ్డును ఎంత ఆక్రమిస్తుందో, ఊరవతలి రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో ఇచ్చిన లెక్క చూడు: కారు ఒకటైతే స్కూటరు అర, బస్సు మూడు, ఎడ్లబండి ఎనిమిది. ఎనిమిది కార్ల పెట్టు! ఎద్దులకు అంత విలువ కట్టిన కాలం రా అది. ఆ బండి వెనకాల బస్సులో కూర్చుని నేనూ తిట్టుకున్నాననుకో, అది వేరే సంగతి.

2006లో కేంద్రం జాతీయ పట్టణ రవాణా విధానంలో రాసింది, రోడ్డు మీద కదలాల్సింది మనుషులు, బండ్లు కాదని. మా సికింద్రాబాదు డబుల్ డెక్కర్ ఆ పని ఎప్పుడో చేసింది, ఏ విధానమూ చదవకుండా. 2017లో మెట్రో వచ్చింది. నా మోకాళ్లకు ఆ ఏసీ, ఆ లిఫ్టు హాయిగానే ఉన్నాయి, కాదనను. మెట్లు దిగాక నడవడానికి ఫుట్‌పాత్ ఏదిరా?

మాలో చాలామంది ప్లానింగ్ చదువుకు ఢిల్లీ రైలెక్కారు. మీకు 2008 నుంచి విజయవాడలోనే స్పా, అదే స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్, ఉంది. వెళ్లు, చదువు, వద్దనను. ముందు ఓ నెల ఆఫీసుల వేళకు సిటీ బస్సు ఫుట్‌బోర్డు దగ్గర నిలబడి ప్రయాణం చేసిరా. ఆ తర్వాతే దరఖాస్తు నింపు.