మేస్త్రీకి స్వాతంత్ర్యం వచ్చింది

2025 నవంబరు 21న దేశానికి ఇంకోసారి స్వాతంత్ర్యం వచ్చింది. సంగారెడ్డి వైపు ఫ్యాక్టరీల ఊరు పాశమైలారంలో ఎవరూ మిఠాయిలు పంచలేదు. షిఫ్టులో ఉండి ఉంటారు. నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయని, కార్మికలోకం వలసపాలన నాటి చట్రం నుంచి బయటపడిందని ఢిల్లీ చాటింది. పోయిన చట్టాలు 29. ఏది ఏ ఏటిదో వరసగా చూసుకుంటూ పోతే దొరల కాలానివి అయిదే తేలాయి: 1923 నాటి నష్టపరిహార చట్టం, 1926 నాటి కార్మిక సంఘాల చట్టం, 1936 నాటి వేతన చెల్లింపు చట్టం, 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం, 1947 మార్చిలో వచ్చిన పారిశ్రామిక వివాదాల చట్టం. తక్కిన 24 మనవాళ్లు చేసుకున్నవే. ఫ్యాక్టరీల చట్టం 1948ది, కాంట్రాక్టు లేబర్ చట్టం 1970ది, అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979ది. ఆ ఏడు ఢిల్లీలో వైస్రాయి ఎవరో తెలిసినవాళ్లు చెప్పాలి.

అసలు సంగారెడ్డి వైపు తెల్లదొర నేరుగా ఏలిందే లేదు. ఇది నిజాం ఇలాకా. చట్టాలు రాకముందు ఇక్కడ నడిచింది అచ్చమైన దేశవాళీ వెట్టిచాకిరీ. మూలాలకు వెళ్దాం పదండి అనేవాళ్లు కొంచెం చూసుకుని నడవాలి.

ఇదే పాటను వేరే రాగంలో పాడే మేధావులూ ఉన్నారు. సంఘటితం, అసంఘటితం అన్న గీత పాశ్చాత్యులు గీసిందట. చట్టం చేతికి చిక్కని బతుకుతెరువులో స్థానిక జ్ఞానం ఉందట. కొంత నిజమే. ఘానాలో చిల్లర బతుకులను చూసి కీత్ హార్ట్ అనే ఆంగ్లేయుడు 1970ల మొదట్లో ఈ ‘అసంఘటితం’ అన్న మాటను ప్రచారంలోకి తెచ్చాడు, 1972లో అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) కెన్యా నివేదిక దాన్ని లోకమంతా తిప్పింది. తోపుడుబండి మీద మిర్చీలు వేసుకునేవాణ్ణి చట్టం దొంగలా చూడటం అన్యాయమే, సందేహం లేదు. కానీ ఇక్కడి పటాన్‌చెరులో అసంఘటితం అనేది ఫ్యాక్టరీ గోడ అవతల లేదు. లోపలే తయారవుతోంది, మందుబిళ్లలతో పాటు.

షిఫ్టు వదిలే వేళ ఇస్నాపూర్ చౌరస్తాలో నిలబడి, మెడలో వేలాడే పాసులు చదవండి. రియాక్టరు కంపెనీది, బాయిలరు కంపెనీది, కరెంటు బిల్లు కంపెనీది. రియాక్టరు పక్కన నిలబడే మనిషి మాత్రం ఏదో దేవుడి పేరున్న ఎంటర్‌ప్రైజెస్ తాలూకు. గ్రాట్యుటీకి అయిదేళ్లు నిండాలి కదా, నాలుగో ఏట దేవుడు మారతాడు. మనిషి అతనే, మిషనూ అదే, సర్వీసు మాత్రం మళ్లీ ఒకటో తేదీ నుంచి మొదలు.

2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలింది. 46 మంది చనిపోయారని తేల్చారు, ఇంకో 8 మంది ఆనవాలు కూడా దొరకలేదు. బిహార్, ఒడిశా, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్లు వాళ్లలో ఎందరో. అది స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీ. ఎవరి దగ్గర ఎన్ని షేర్లున్నాయో ఒక్కటి తేడా రాకుండా చెప్పగల వ్యవస్థ అది. ఆ పొద్దున లోపల ఎంతమంది మనుషులున్నారన్న లెక్క మాత్రం పూటకో తీరుగా మారింది. అసంఘటిత రంగమంటే బీదరికమో సంప్రదాయమో అనుకునేవాళ్లు ఆ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

ఆ దేవుడి పేర్ల వెనక ఉన్నవాడు కూలీలను తోలుకొచ్చే మేస్త్రీ. దొరలు మనకు వదిలివెళ్లిన అసలు ఆస్తి అతనే. కోరంగి, విశాఖ వైపు నుంచి తెలుగు కూలీలను రంగూన్‌కు ఓడలెక్కించింది ఇతనే. అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు, ఓడ ఖర్చు ఖాతాలో రాసుకునేవాడు, కూలీలో కోసుకునేవాడు. మిల్లు దొరకు కూలీవాడి పేరుతో పనే లేదు. అడ్వాన్సు పుచ్చుకుని పని ఎగ్గొట్టినవాణ్ణి జైలుకు పంపడానికి 1859లో ఏకంగా చట్టమే చేశారు. దాన్ని 1925లో బ్రిటిష్ సర్కారే రద్దు చేసింది. కూలీలను కుదిర్చే దళారుల లంచాల గురించి 1931లో రాయల్ లేబర్ కమిషన్ కూడా మొత్తుకుంది. మేస్త్రీ చెక్కు చెదరలేదు. గొడుగు మడిచి పక్కన పెట్టి జీఎస్టీ నంబరు తీసుకున్నాడు, అంతే తేడా.

వలసపాలన బూజు దులపాలంటే ముందు దులపాల్సింది ఇతన్ని. జరిగింది వేరు. కాంట్రాక్టు పద్ధతిని అదుపు చేసి, వీలైన చోట ఎత్తేస్తానన్న 1970 చట్టాన్నే ఎత్తేశారు. ముఖ్యమైన పనుల్లో కాంట్రాక్టు కూలీలు కూడదని కొత్త కోడ్‌లలో ఒకదాని 57వ సెక్షన్ గట్టిగానే అంటుంది. ఆ వెంటనే మినహాయింపు: ఆ పని అలవాటుగా కాంట్రాక్టరు చేతే జరుగుతుంటే ఫరవాలేదట! తప్పును రోజూ చేస్తే ఆనవాయితీ అవుతుందని ఇంత ముచ్చటగా ఏ దొరా రాయలేదు. అందరికీ నియామక పత్రం ఇవ్వాలన్నారు, మంచిదే, కాదనను. ఏ దేవుడి లెటర్‌హెడ్ మీద ఇస్తారన్నదే సందేహం.

ఇక అంకెల సంగతి. కరెంటుతో నడిచే షెడ్డులో 10 మంది పనిచేస్తే నిన్నటిదాకా అది ఫ్యాక్టరీ, ఇప్పుడు 20 మంది ఉండాలి. 19 మందితో నడిచే షెడ్డు కదలకుండా, మెదలకుండా రాత్రికి రాత్రి ఫ్యాక్టరీ కాకుండా పోయింది. కాంట్రాక్టరుకైతే గీత 20 నుంచి 50కి జరిగింది. 49 మందిని తోలుకొచ్చే మేస్త్రీకి ఇక లైసెన్సు బెడద లేదు. బావమరిది పేరున ఇంకో ఎంటర్‌ప్రైజెస్ తెరిస్తే 98. మన మేస్త్రీలకు బావమరుదులు ఒక్కరితో ఆగరు.