మూడు కిలోమీటర్లకి ఒక బనీను

నడవడానికి డబ్బు కట్టడం నా 74 ఏళ్ళ బతుకులో ఇదే మొదలు. మనిషికి 500. కోడలు నాకు చెప్పకుండానే ఫోన్లో కట్టేసింది. "పసిపిల్లల గుండె ఆపరేషన్లకి వెళ్తుంది మామయ్యగారూ, కాదనకండి" అంది. పసిపిల్లల మాట వచ్చాక ఇంకేం అంటాను? ఆ అయిదొందలూ తిన్నగా ఆ పిల్లలకే పంపితే పోయేదిగా, మధ్యలో నన్ను నడిపించడం దేనికని మాత్రం అడిగాను. నవ్వి ఊరుకుంది.

సెప్టెంబరు 29 ప్రపంచ హృదయ దినమట. దానికి ముందు ఆదివారం పొద్దున్న అయిదున్నరకల్లా విశాఖ బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర ఉండమన్నారు. ఉన్నాం. కారెక్కి వెళ్ళాం. నడవడానికి కారేమిటో! అది పెట్టుకునే చోటు దొరక్క మావాడు నాలుగు సందులు తిప్పి, ఎక్కడో ఆపి, అక్కణ్ణుంచి గుడి దాకా నడిపించాడు. నన్నడిగితే ఆ రోజు అసలు నడక అదే.

వెళ్ళగానే తలా ఒక బనీను. టీ షర్టు అనాలట. చెమట పీల్చని గుడ్డ. వీపు నిండా డబ్బిచ్చిన కంపెనీల పేర్లు, అందులో ఒకటి మిఠాయి కొట్టు. నా కొలతది అయిపోయిందని తొడల దాకా దిగేది తొడిగించారు. గుండె మీద ఉండాల్సిన ఎర్ర గుండె బొమ్మ సరిగ్గా పొట్ట మీద కూచుంది.

అయిదున్నరకి రమ్మన్నవాళ్ళు ఆరుంపావుకి పాటలు పెట్టి అందరినీ గెంతించారు. దానికి జుంబా అని పేరు. ఆ తర్వాత ముఖ్య అతిథి కోసం పడిగాపులు. నేను ఆర్టీసీలో 34 ఏళ్ళు కండక్టరుగా చేశాను. బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే ప్యాసింజర్లు నా చొక్కా పట్టుకునేవాళ్ళు. ఇక్కడ అంతమంది గంటసేపు నిలబడ్డారు, ఒక్కరూ కిక్కురుమనలేదు. సెల్ఫీలు దిగుతున్నారు. ఏడు దాటాక ఆయన వచ్చాడు, జెండా ఊపాడు, ఫొటోలకి పది అడుగులు వేసి కారెక్కిపోయాడు. మేం ఒడ్డున మ్యూజియంగా పెట్టిన సబ్‌మెరైన్ దాటి కొంత దూరం పోయి వెనక్కి తిరిగాం. మొత్తం కలిపి మూడు కిలోమీటర్లు!

మా రోజుల్లో (ఈ మాట అనగానే మనవడు చెవుల్లో ఏవో పెట్టేసుకుంటాడు) నడకకి వేరే పేరు లేదు. తగరపువలస వెళ్ళొచ్చామంటే నడిచి వెళ్ళొచ్చామనే. మా నాన్న చిట్టివలస జూట్ మిల్లులో పనిచేసేవాడు. కూత వేసేసరికి గేటు దగ్గరుండాలని చీకటితో లేచి పొలం గట్ల మీద పడిపోయేవాడు. రానూ పోనూ ఎనిమిది మైళ్ళు. ఆషాఢంలో సింహాద్రి అప్పన్న గిరి ప్రదక్షిణకి నన్నూ తీసుకెళ్ళేవాడు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. తెల్లారేసరికి అరికాళ్ళు బొబ్బలు. అక్కడ ఎవడూ నీళ్ళ సీసా తాగి పక్కన పారేయలేదు, సీసాలే లేవనుకోండి.

మనవడి చేతికి ఒక గడియారం ఉంది. రోజుకి పదివేల అడుగులు పడకపోతే అది గొణుగుతుంది. ఆ పదివేలు ఏ డాక్టరూ లెక్క తేల్చి చెప్పింది కాదట. 1965లో జపాన్‌లో అడుగులు కొలిచే యంత్రం అమ్ముకునేవాళ్ళు దానికి పదివేల అడుగుల మీటరని పేరు పెట్టారు, ఆ అంకె అలా ఉండిపోయింది. ఈ సంగతి కనిపెట్టి చెప్పింది కూడా వాడే. అయినా గడియారం విప్పడు.

ఆ ఆదివారం స్టేజీ మీద ఒక డాక్టరుగారు మాత్రం నా మనసుకి నచ్చిన మాటొకటి చెప్పారు. లండన్‌లో జెరెమీ మోరిస్ అనే ఆయన అక్కడి డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పరీక్షించి 1953లో తేల్చాడట: రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగే కండక్టర్లకి గుండె జబ్బులు బాగా తక్కువని. పక్కనే నా పాత డ్రైవరున్నాడు, రెండు స్టెంట్లవాడు. మోచేత్తో పొడిచాను.

"మరేటి గురూ, ఇంజను వేడికి కాళ్ళు కాల్చుకున్నది నేను, ఆరోగ్యం నీకా?" అన్నాడు.

"టాపెక్కి కూరగాయల బస్తాలు దించింది ఎవరు?" అన్నాను. ఏళ్ళ తరబడి తెగని తగాదా అది. లండన్ దాకా వెళ్ళి తేల్చుకొచ్చినట్టయింది.

ఇంత గొప్పగా చెప్పాను గానీ, మా నాన్న సంగతి సగమే చెప్పాను. రోజుకి ఎనిమిది మైళ్ళు నడిచిన ఆ మనిషి 1966లో, 47 ఏళ్ళకే పోయాడు. చుట్ట నోట్లోంచి దిగేది కాదు. మా నాయనమ్మదైతే అడ్డపొగ, నిప్పు నోటి లోపలికి పెట్టి కాల్చేది. ఇంట్లో పొగ తప్పని ఎవరికి తోచింది గనక? ఆ పొద్దున్న గుండెల్లో పట్టేసిందన్నాడు. వాయువన్నారు. వాము నమిలించారు, వేణ్ణీళ్ళు పట్టారు. గోడకి చేరగిలబడి, అలాగే పక్కకి ఒరిగిపోయాడు. ఊరంతా చుట్టూ చేరింది. ఎవరో విసనకర్రతో విసిరారు. నేను కాళ్ళ దగ్గర నిలబడి చూశాను.

నడక ముగిసిన చోట, ఒక గుడారం కింద రబ్బరు బొమ్మని నేలమీద పడుకోబెట్టి నర్సింగు చదివే అమ్మాయి, ఎవరైనా గుండె ఆగి పడిపోతే ఏం చెయ్యాలో చూపిస్తోంది. ముందు 108 అంబులెన్సుకి ఫోను చేయించాలి. రాష్ట్రానికి ఆ బండి వచ్చిందే 2005లో. అది వచ్చేలోగా ఛాతీ మధ్యలో చెయ్యి మీద చెయ్యి వేసి రెండంగుళాలు దిగేలా నొక్కాలి, నిమిషానికి వందకి తగ్గకూడదు, నూట ఇరవై దాటకూడదు. నా మోకాళ్ళు వంగవన్నాను. పట్టుకుని కూర్చోబెట్టింది. నొక్కాను.

"ఇంకా గట్టిగా తాతగారూ. ఎముక విరుగుతుందని భయపడకండి."

ముప్పై దాకా లెక్కపెట్టి, మళ్ళీ మొదట్నుంచి. టికెట్లు లెక్కపెట్టిన అలవాటు, అంకె తప్పలేదు. చెమట మాత్రం ధారలు కట్టింది, ఆ బనీను ఒక్క చుక్క పీల్చలేదు.

లేపి నిలబెట్టాక వెనక్కి చూశాను. బొమ్మ కోసం నా తర్వాత ఇద్దరే ఉన్నారు. పూరీలూ బొండాలూ పెడుతున్న చోట మాత్రం వరుస సబ్‌మెరైన్ వైపు సాగిపోయింది.