సారు మీటింగులో ఉన్నారు

ఎమ్మార్వో ఆఫీసు గుమ్మం దగ్గర ఈ మాట వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. చెప్పేది అటెండరు. చెప్పేటప్పుడు నా మొహం చూడడు, చేతిలోని కవరు మందం చూస్తాడు.

నాన్నగారి పొలం నా పేరుకు మారాలి, అంతే. క్లర్కునడిగితే, "నాదేముందండీ, డిప్యూటీ తహశీల్దారు గారు, అదే, డీటీ గారు చూడాలి" అంటాడు. డీటీ గారేమో, "నాదేముంది, సారు సంతకం పెట్టాలి" అంటారు. సారు దొరికిన రోజున, "నా చేతుల్లో ఏముందండీ, కలెక్టరేట్ నుంచి రావాలి" అన్నారు. ఆఫీసు మొత్తమ్మీద తన చేతిలో ఏమీ లేదని అననివాడు అటెండరొక్కడే. "చూద్దాం లెండి" అంటాడు.

అన్నట్టు, సారు కుర్చీకి తెల్ల టర్కీ టవలు ఉంటుంది. చెమటకా అంటే, గదిలో ఏసీ ఉంది. తలనూనె అంటకుండానా అంటే, సారుకు జుట్టే లేదు. అయినా టవలుంది. డీటీ గారికి ఆఫీసు టవలివ్వలేదు. ఆయన ఇంట్లోంచి ఒకటి తెచ్చి వేసుకున్నారు గానీ, దానికి ఎర్ర అంచుంది. అది సొంత టవలని అర్జీదార్లకు కూడా తెలిసిపోతోంది. సీనియర్ అసిస్టెంటు ప్రస్తుతానికి చేతిరుమాలుతో సరిపెట్టుకుంటున్నాడు. ఆర్డీవో గారు తనిఖీకి వచ్చినప్పుడు టవలు కుర్చీలో ఆయన కూర్చున్నారు. మా సారు ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని, ప్రతి మాటకీ లేవబోయారు. ఇంతకీ ఈ టవళ్లు ఉతికించేదీ, ఏ కుర్చీకి ఏది వెయ్యాలో తేల్చేదీ అటెండరే!

అసలు ఈ ఆఫీసు పుట్టిందెలాగంటే, 1984లో కరణాలను తీసేశారు. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. పాలన ప్రజల గుమ్మంలోకి వచ్చేసిందన్నారు. నిజమే, వచ్చింది. వచ్చి గుమ్మం పక్కన స్టూలేసుకు కూర్చుంది.

మొన్న అదే అటెండరు ట్రెజరీ బయట నిలబడి కనిపించాడు. కూతురి పెళ్లికి జీపీఎఫ్ డబ్బుకు అర్జీ పెట్టుకున్నాడట, బిల్లు కదలడం లేదు. అక్కడి అటెండరు ఇతని చేతిలోని కవరు కేసి చూస్తున్నాడు. బాగా అయిందనుకుని నవ్వుకోవాల్సింది, నవ్వు రాలేదు. సారుకు బదిలీ అయినా సంతకం ఆయన వెంటే పోతుంది. ఇతని పలుకుబడి మాత్రం ఆ స్టూలు దిగితే లేదు. నన్ను చూసి, "మీకిక్కడ ఎవరైనా తెలుసా సార్?" అనడిగాడు. సార్ అన్నాడు, నన్ను!

నాకెవరూ తెలీదు. మీకు ట్రెజరీలో గానీ, కలెక్టరేట్‌లో గానీ తెలిసినవాళ్లుంటే కాస్త చెప్పండి. ఆఫీసర్లు అక్కర్లేదు, అటెండరైతే చాలు.