బీమా కార్డుతో పిల్లల డాక్టరును పట్టే విధానం

అన్నిటికన్నా ముందు మీ పిల్లాడికి సరైన రోగం నేర్పండి. చెవిపోటు, దగ్గు, ఒంటి మీద దద్దుర్లు లాంటి చిల్లర బాధలు పాలసీకి ఆనవు. కనీసం 24 గంటలు ఆసుపత్రి మంచమెక్కితే తప్ప మా పాలసీ కన్నెత్తి చూడదు. మీదీ దాదాపు అంతే అయ్యుంటుంది, ఓసారి తీసి చదవండి. వద్దులెండి, చదవకండి, ఉన్న నిద్ర కూడా పోతుంది. ఐదు లక్షలు అని మొదటి పేజీలో పెద్దక్షరాలతో వేశారు కదా, అక్కడితో ఆపేయడం ఒంటికి మంచిది. చెవిలో టార్చి వేసి పది నిమిషాలు చూసే డాక్టరు చాలు అనేవాళ్లకు అంత పెద్ద పథకం ఎందుకు?

డాక్టరును వెతకడానికి రాత్రి పదకొండు గంటలు మంచి ముహూర్తం. మా జంగ్లీఘాట్‌లో ఆ వేళకి జెట్టీ సద్దుమణుగుతుంది. గుంటడి ఏడుపు నాలుగిళ్ల అవతలికి వినిపిస్తుంది. ఒక చేత్తో వాడిని భుజాన వేసుకుని, రెండో చేత్తో కార్డు వెనకున్న నంబరు కొట్టండి. తెలుగు కావాలంటే ఏ అంకె నొక్కాలో చివర్న చెబుతారు, అంతవరకు ఓపిక పట్టండి.

"ఏ ఊరు మేడమ్?"

"శ్రీ విజయపురం."

"ఏ మండలం అండీ?"

"మండలం లేదమ్మా. అండమాన్. నిన్నమొన్నటి దాకా పోర్ట్ బ్లెయిర్."

"ఒక్క నిమిషం లైన్లో ఉండండి."

సన్నాయి మోగుతుంది. 2024 సెప్టెంబరులో మా ఊరికి పేరు మార్చారు గానీ, మార్చిన సంగతి పాలసీకి ఎవరూ చెప్పలేదు. అందుచేత ఊరి పేరు జోలికి పోకుండా 744103 అని పిన్‌కోడ్ చెప్పడం ఉత్తమం. చెప్పాను. ఆ అమ్మాయి గొంతులో ఒక్కసారిగా వెలుగొచ్చింది. "మేడమ్, మీకు దగ్గర్లోనే చాలా నెట్‌వర్క్ ఆసుపత్రులు చూపిస్తోంది, చెన్నైలో." మాకూ చెన్నైకీ మధ్య బంగాళాఖాతం ఉంది, సుమారు 1,190 కిలోమీటర్లు. ఆ మాటే అన్నాను. ఆ పిల్ల కాసేపు ఏదో వెతికి, చాలా మర్యాదగా చెప్పింది: "క్యాబ్ ఖర్చులు మాత్రం పాలసీలో రావండీ."

ఆ అమ్మాయి మీద కోప్పడకండి. ఆమె ముందున్న తెర మీద సముద్రం ఉండదు.

ఇక ప్రయాణం సంగతి. విమానం టికెట్టు మనకెందుకు, ఓడ ఉంది. చెన్నైకో విశాఖకో రెండున్నర మూడు రోజుల్లో దింపుతుంది. రోజూ ఉండదు కాబట్టి, షిప్పింగ్ వాళ్ల ప్రకటన చూసుకుని ఆ తేదీకి సరిపడేలా జ్వరం మొదలయ్యేటట్టు చూసుకోండి. తుపాను హెచ్చరికలప్పుడు జ్వరం అసలే తెచ్చుకోవద్దు. దిగ్లీపూర్‌లో ఉండేవాళ్లు ఇంకాస్త జాగ్రత్త పడాలి. అక్కణ్నుంచి ఇక్కడికి రోడ్డు మీద 300 కిలోమీటర్ల పైచిలుకు. దారిలో జరావా గిరిజన రిజర్వులో బళ్లన్నీ కాన్వాయ్‌గానే కదలాలి, దానికి వేళలున్నాయి. మిడిల్ స్ట్రెయిట్ దగ్గర బండితో సహా పడవెక్కాలి. ఆఖరి కాన్వాయ్ దాటాక పిల్లలకు మూర్ఛ రాకూడదని ఇంట్లో గట్టిగా చెప్పి ఉంచండి.

అంతదూరం ఎందుకనుకుంటే ఊళ్లోనే సాయంత్రం ప్రైవేటు క్లినిక్‌కి వెళ్లొచ్చు. లోపలికి వెళ్లగానే పిల్లాడి చెవి కాదు, కార్డు చూపించండి. కౌంటర్లో కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, ఫొటో బాగుందని మెచ్చుకుని, ఫీజు నోట్లుగా అడుగుతాడు. రసీదు తీసుకుని, ఫొటో తీసి, యాప్‌లో పెట్టండి. పదకొండో రోజున 'ఓపీ చికిత్స వర్తించదు' అని మెసేజ్ వస్తుంది. వస్తుందని ముందే తెలిసినా పెట్టాల్సిందే. నేను మూడుసార్లు పెట్టాను.

ఈలోగా వైద్యం ఆగదు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో నూటికి పదముగ్గురు తెలుగు తమ భాషగా రాయించుకున్నారు. సిక్కోలు నుంచి వలసొచ్చిన మా వీధిలో ఆ పదముగ్గురూ వైద్యులే. మా అత్తయ్య వెల్లుల్లి రెబ్బలు వేసి కాచిన నూనె గోరువెచ్చగా పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "ఆ పోన్లో ఆళ్లతో ఏటి మాటలు, ఇలా తే గుంటడ్ని" అంది. పక్కింటి బెంగాలీ బౌదిది హోమియో పక్షం. మా ఆయన మాత్రం పాలసీ తన కంపెనీ ద్వారా తీసుకున్నది కనుక దాని పక్షం.

ఫిర్యాదు చేయదలచుకుంటే తీరిగ్గా చేయండి. ముందు కంపెనీకి రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతేనో, వచ్చినది నచ్చకపోతేనో బీమా అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. అండమాన్ వాళ్లకు ఆ కార్యాలయం కోల్‌కతాలో, అంటే మళ్లీ సముద్రం అవతలే. ఆన్‌లైన్‌లో పెట్టొచ్చని, రుసుము లేదని ఎవరైనా చెబితే చెవిన పెట్టకండి, పోరాటంలో కష్టం లేకపోతే రుచేముంది. నగదు రహిత చికిత్సకు అనుమతి అడిగిన గంటలో తేల్చి చెప్పాలని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఆదేశించింది కూడా. దాంతో మనకేం పని? మన చెవిపోటు అనుమతి అడిగే స్థాయికి ఎదిగితే కదా.

రెండిటి దరిదాపులకు మాత్రం పోవద్దు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ మొదలయ్యాక మా దీవుల్లో వీడియో కాల్ నిలకడగా నడుస్తోంది. ఈ-సంజీవనిలో సర్కారు డాక్టరు ఉచితంగా మాట్లాడతారు. ఊళ్లో సర్కారు ఆసుపత్రి ఉంది, అందులో పిల్లల విభాగమూ ఉంది. ఈ రెండు చోట్లా బీమా కార్డు అడగరు. ఏడాదికోసారి ప్రీమియం కట్టి సంపాదించుకున్న కార్డుకి అంతకన్నా అవమానం ఉంటుందా?

మూడో రోజు పొద్దున్నే ఆ అవమానానికి సిద్ధపడి వెళ్లాను. చీటీ రాయించి, వరుసలో కూచుని, మా వంతు రాగానే గుంటడిని ఒళ్లో బిగించి పట్టుకున్నాను. డాక్టరమ్మ చెవి పైకి లాగి, లైటు వేసి చూసింది. ఏ కంపెనీ పాలసీ అని అడగలేదు. చెవిలో నూనె ఏమైనా పోశారా అని అడిగింది.