శ్రీకృష్ణుడికి వన్స్‌మోర్

మా మేనల్లుడు ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకొని వచ్చాడు. వచ్చినప్పటి నుంచి ఒకటే కోతలు. అక్కడ వందల ఏళ్ళనాటి పబ్బులున్నాయట. ఒకదాంట్లో టోల్కీన్, లూయిస్ అనే పెద్ద రచయితలు కూర్చొని, రాసుకున్నవి ఒకరికొకరు వినిపించుకునేవాళ్ళట. 1966లో రిచర్డ్ బర్టన్ అంతటి సినిమా నటుడు విద్యార్థుల నాటక సమాజంతో కలిసి ఆక్స్‌ఫర్డ్ ప్లేహౌస్‌లో 'డాక్టర్ ఫాస్టస్' ఆడాడట. ఆయన భార్య ఎలిజబెత్ టేలర్ హెలెన్ వేషం కట్టి, ఒక్క మాటా మాట్లాడకుండా అట్లా వచ్చి ఇట్లా పోయిందట. ఇదంతా చెప్పి, "పాపం, మీకు ప్రొద్దుటూర్లో నైట్‌లైఫ్ అనేదే లేదు గదా మామా" అన్నాడు.

లేకపోవడమేంది! మేం రాత్రంతా శ్మశానంలోనే ఉండేవాళ్ళం. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను మొదలయ్యేసరికి కోళ్ళు కూసేవి. దసరా వస్తే ప్రొద్దుటూరు కన్ను మూసేది కాదు. రెండో మైసూరని పేరు ఊరికే రాలేదు. అమ్మవారిశాలలో వాసవీమాతకు రోజుకో అలంకారం, విజయదశమి రాత్రి తొట్టిమెరవణి. ఇక జమ్మలమడుగు పక్క పల్లెల్లో తిరునాళ్ళంటే కురుక్షేత్రం నాటకమే. మాకు పబ్బు కూడా ఉండేది, స్టేజీ వెనక కంపచెట్ల కింద. వారుణి వాహిని పేరుతో సర్కారే ప్యాకెట్లలో సారా అమ్మిన రోజులవి.

ఇవన్నీ వానికి గొప్పగా చెప్పినా. ఒక్క రాత్రి సంగతి మాత్రం దాచిపెట్టినా. అది మీతోనే చెప్పుకోవాల. మైకు కనబడగానే గొంతు సవరించుకోని మనిషి మీలో ఎవరైనా ఉంటే, ఆయన ఈ పేజీ తిప్పేయొచ్చు. మిగిలినవాళ్ళు నన్ను క్షమిస్తారని నాకు తెలుసు.

తప్పు నాది కాదు, జిల్లా గాలిది. పులివెందుల దాటి చక్రాయపేట దిక్కు పోతే సురభి అనే ఊరొస్తుంది. తోలుబొమ్మలాట ఆడుకునే కుటుంబాల వాళ్ళు 1885లో అక్కడ ఒక పెళ్ళిలో 'కీచకవధ' ఆడినారు. వనారస గోవిందరావు గారి సురభి సమాజం అట్లా పుట్టింది. ఆ గాలి నాకు సోకిందని నేనే ప్రకటించుకున్నా. నా గొంతును అప్పటిదాకా మెచ్చుకున్నది మా జేజి ఒక్కతే. ఆమెకు చెవుడు.

1977లో 'దానవీరశూరకర్ణ' వచ్చి నా జబ్బును ముదరబెట్టింది. అప్పుడు నేను ప్రొద్దుటూర్లో ఒక బంగారం అంగట్లో గుమాస్తాను. పుట్టపర్తి నారాయణాచార్యులు గారు శివతాండవం రాసింది ఈ ఊరి అగస్త్యేశ్వరుని గుళ్ళోనే అంటారు గదా, ఆ మెట్ల మీద కూర్చుంటే మనకూ విద్య అంటుకుంటుందని పొద్దుపొద్దున్నే పోయి రాగాలు తీసేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆ గోపురం మీది పావురాలు కాపురం మార్చినాయి.

ఇట్లా కొన్నేళ్ళు గడిచినాక ఒక ఏడు మా ఊరి తిరునాళ్ళ వచ్చింది. మా పల్లెలో వేషాలు గొంతును బట్టి ఇచ్చేవాళ్ళు కాదు, చందాను బట్టి. హార్మోనిస్టుకు, మైకుసెట్టుకు, బాడుగ కిరీటాలకు, తెనాలి నుంచి వచ్చే ద్రౌపదికి డబ్బు కావాల గదా. అందుకే ఒక్క నాటకానికి ముగ్గురు కృష్ణులు. పడకసీనుకు ఒకరు, రాయబారానికి ఒకరు, యుద్ధానికి ఒకరు. రాయబారం కృష్ణుడి రేటు ఎక్కువ. నేను మా ఆడమనిషి కమ్మలు కుదువపెట్టి ఆ వేషం కొనేసినా. "పాలిష్‌కు ఇచ్చినా" అని ఆమెకు చెప్పినా. బంగారం అంగట్లో పనిచేసేవాడు అట్లా చెబితే ఎవరు నమ్మరు?

దుర్యోధనుడు నాపరాళ్ళ గనిలో కూలి. చందా తక్కువ ఇచ్చినాడు కాబట్టి చెడ్డ వేషం దక్కింది. గొంతు మాత్రం మైకు లేకుండా పెన్న అవతలి గట్టుకు వినబడేది. దాన్ని ఎట్లా తట్టుకోవాలని ఆలోచించి, నలుగురు పిల్లోళ్ళకు తలా ఒక పొట్లం బొరుగులు, మిరపకాయ బజ్జీలు కొనిచ్చినా. "నేను పద్యం పాడి ఆపగానే వన్స్‌మోర్ అని అరవాల, తెలిసిందా?" అన్నా. తెలిసిందన్నారు. అంతకన్నా వివరంగా చెప్పి ఉండాల్సింది.

రాయబారం సీను వచ్చేసరికి రాత్రి రెండు దాటింది. గొంతు తెరుచుకుంటుందని ఎవరో చెబితే కంపచెట్ల కిందికి పోయి ఒక ప్యాకెట్టు వేసుకున్నా. తెరుచుకున్నది గొంతో, ఇంకోటో తెలీదు. తెర లేచింది, జనం చప్పట్లు కొట్టినారు, వెనక సీనులోని రాజప్రాసాదం మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. హార్మోనిస్టు శ్రుతి ఇచ్చినాడు, నేను దానికన్నా అరగజం పైన అందుకున్నా, మొదటి పాదం పోయింది, రెండో పాదం పోయింది, మూడో పాదం సగంలో నా తలకాయలో ఉన్న తిరుపతి వేంకట కవులు ఇద్దరూ లేచి ఇంటికి పోయినారు. ఒక్క ముక్క లేదు. ఆగిపోయినా.

నేను ఆగిపోగానే పిల్లోళ్ళు తమ డ్యూటీ చేసినారు. "వన్స్‌మోర్!"

మళ్ళీ ఎత్తుకున్నా. మళ్ళీ అదే చోట, అదే అక్షరం దగ్గర ఆగిపోయినా. "వన్స్‌మోర్!" ఈసారి చాపల మీద పడుకున్నవాళ్ళు కూడా లేచి కూర్చున్నారు. ఇంకోసారి ఎత్తుకున్నా, ఇంకోసారి ఆగినా, ఇప్పుడు పిల్లోళ్ళతో పాటు ఊరు ఊరంతా అందుకుంది. ఈలలు, చెనిక్కాయ పొట్టు, ఎవరో చెప్పు కూడా ఎత్తినారు, భీష్ముడు గడ్డం చాటున నవ్వుతున్నాడు, ద్రోణుడు అసలు దాచుకోవడం లేదు, నా కిరీటం కంటిమీదికి జారింది, దాన్ని పైకెత్తబోతే పిల్లనగ్రోవి జారి పోయి తబలా మీద పడింది. తబలాకు కూడా వన్స్‌మోర్!

అప్పుడు దుర్యోధనుడు సింహాసనం దిగొచ్చి నా భుజం మీద చెయ్యేసినాడు. "బావా, నువ్వు చెప్పబోయేది నాకు తెలుసులే. నేనే చెప్తా, విను" అని, నా పద్యం మొత్తం వాడే పాడేసినాడు. కౌరవవంశం ఎట్లా నాశనమవుతుందో కౌరవేశ్వరుడే రాగం తీసి తీసి చెబుతుంటే, లోకంలో ఏ రాయబారీ చెయ్యనంత తక్కువ పని నేను చేసినా. తల ఊపినా. జనం నిజమైన వన్స్‌మోర్ కొట్టినారు. చదివింపులు మైకులో చదువుతానే ఉన్నారు, నోట్లు వాడి అంగీకి గుచ్చుతానే ఉన్నారు.

ఎలిజబెత్ టేలర్‌కు మాటల్లేని వేషం ఎందుకిచ్చినారో మా మేనల్లునికి తెలీదేమో, నాకు మాత్రం వినగానే ఆ డైరెక్టరు మీద గౌరవం పుట్టింది. నాకూ ఒక విశ్వరూపం ఇచ్చి ఊరికే నిలబెట్టి ఉంటే ఊరి మర్యాద నిలిచేది.

ఇంటికి పోతే మా ఆడమనిషి చెవులు చూపించింది. "పాలిష్ అయిందా?" అని అడిగింది. ఆమె కూడా ఆడవాళ్ళ చాపల మీద ముందు వరసలోనే కూర్చుందట. వన్స్‌మోర్ అందుకున్నవాళ్ళలో ఆమె ఉందో లేదో ఇప్పటికీ అడిగే ధైర్యం లేదు. కమ్మలు విడిపించేసరికి వడ్డీ కమ్మల ఖరీదును దాటబోయింది.

ఆ తర్వాత ఏ ఊళ్ళో నాటకమైనా నేను చాప మీదే కూర్చున్నా. ఇప్పుడు పల్లెల్లో నాటకాల కన్నా రికార్డింగ్ డాన్సులే ఎక్కువైనాయి. అయినా జమ్మలమడుగు పక్క ఎక్కడన్నా కురుక్షేత్రం వేస్తాంటే నాకొక మాట చెప్పండి. వేషం కోసం కాదు. ఒకవేళ ఆఖరు నిమిషంలో రాయబారం కృష్ణుడు రాకపోతే మాత్రం మొహమాటపడొద్దు. ఆ పద్యం నాకిప్పుడు చివరిదాకా వచ్చు.