కనీస మద్దతు దృశ్య ధర

బాలీలోని జాతిలువిహ్ రైతులు పచ్చటి వరి మళ్ల నడుమ జింకు రేకులు నిలబెట్టిన సంగతి మీరు చదివే ఉంటారు. బతుకారు కొండ వాలున మెట్లుమెట్లుగా దిగే పొలాలవి. 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వమని ముద్ర కొట్టిన చోటు. 2025 డిసెంబరు మొదట్లో అధికారులు వచ్చి, వరి భూముల నిబంధనలు మీరారంటూ 13 హోటళ్లకూ బసలకూ సీళ్లు వేశారు. వాటిలో ఊరి రైతులు సొంత భూమిలో వేసుకున్న చిన్నచిన్న తిండికొట్లు కూడా ఉన్నాయి. మనవాళ్లయితే రోడ్డు మీద ధాన్యం పోసేవాళ్లు. వాళ్లు రేకులు తెచ్చి చేలో పాతారు. పొద్దెక్కేసరికి అవి తళతళమని కళ్లలో కొట్టాయి. ప్రపంచ వారసత్వం కాస్తా పాత ఇనప సామాన్ల కొట్టులా తయారైంది.

రేకులు నాకు నచ్చాయి. నచ్చనివి వాటి మీద మొదలైన శోకాలు. అందం చెడిపోయిందట. సెలవులు పాడయ్యాయట. అంత దూరం డబ్బు పోసుకుని వెళ్తే రేకులు చూడాలా అని ఒకటే బాధ.

ఆ బాధపడ్డవాళ్లలో మా అపార్టుమెంటు సెక్రటరీ గారొకరు. ఆయన దంపతులిద్దరూ నిరుడు బాలీ వెళ్లి, వరి పొలాల మధ్య ఓ చవక బంగళాలో దిగి వచ్చారు. ఆ ఫొటోలు మా లిఫ్టు కోసం ఎదురుచూసిన ప్రతివాడూ చూశాడు.

“పొలం తమది కదాని ఇష్టమొచ్చినట్టు రేకులు పాతేస్తే ఎలాగండీ? మనం డబ్బు కట్టి వెళ్తున్నాం కదా!” అన్నారాయన.

“ఎవరికి కట్టారు?”

“బంగళా వాళ్లకి.”

“పొలం వాళ్లదేనా?”

“కాదండీ, పక్కనెవరో రైతుది. తోట కనబడే గది అయితే తక్కువ. పొలం కనబడే గదికి రాత్రికి ఐదొందలు ఎక్కువ తీసుకున్నారు. అయినా పరవాలేదనుకున్నాం.”

“మరి ఆ రైతుకు ఎంత ఇచ్చారు?”

సెక్రటరీ గారు నా వంక జాలిగా చూశారు. “ఆయనకెందుకు ఇవ్వాలండీ? ఆయనకు ధాన్యం వస్తుందిగా!”

ఇంత కాలం మన వ్యవసాయ శాస్త్రవేత్తలకు తట్టని విషయం ఆ ఐదొందల్లో ఉంది. లెక్క కట్టి చూడండి. బంగళాకు పొలం వైపు పది గదులున్నాయనుకుందాం. అన్నీ నిండితే పొలం కనబడినందుకు రోజుకు ఐదు వేలు. వరి మడిలో ఉండేది నాలుగు నెలలు. ఆరు లక్షలయింది. ఇప్పుడు మన గోదావరి జిల్లాల్లో ఎకరం తీసుకోండి. సార్వాకు ముప్పై బస్తాలు పండితే ఇంట్లో నవ్వు మొహాలే. 2025-26కు సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంటే 75 కిలోల బస్తాకు 1,777. ఎకరం మీద యాభై మూడు వేలు. అదీ మద్దతు ధర దక్కితే, ఖర్చులు తీయకముందు.

కాబట్టి తేలిందేమంటే, వరి ధాన్యపు పంట కాదు. దృశ్యపు పంట. ధాన్యం దాని ఉప ఉత్పత్తి. ఇన్నాళ్లూ అసలు పంటను గట్టు మీద వదిలేసి, ఉప ఉత్పత్తిని నెత్తిన పెట్టుకుని మిల్లు చుట్టూ తిరిగాం.

ప్రభుత్వం వెంటనే కనీస మద్దతు దృశ్య ధర ప్రకటించాలి. ఆంధ్రప్రదేశ్‌లో పర్యాటకానికి పరిశ్రమ హోదా 2024లోనే ఇచ్చేశారు. పరిశ్రమ అన్నాక ముడిసరుకు ఉండాలి, దానికో ధర ఉండాలి. పథకం నేను సిద్ధం చేశాను. ప్రతి పొలానికీ చుట్టూ నిలువెత్తు రేకులు, సబ్సిడీ మీద. రిసార్టు వైపు రేకుకు మాత్రం బందులు పెట్టి కిటికీలా తీసేటట్టు ఉండాలి. రుసుము పడితే రేకు లేస్తుంది. గడువు కాగానే పడుతుంది. కాఫీ సగంలో ఉందనీ, భార్య ఇంకా తయారవలేదనీ చెబితే లాభం లేదు.

ధర ఏడాది పొడుగునా ఒకటే ఉండకూడదు. నారుమడికి కొంచెం తక్కువ. దమ్ము చేసేటప్పుడు బురద తప్ప ఏమీ ఉండదు కానీ వెనకాలే కొంగలు దిగుతాయి కాబట్టి కొంగకింత అని వేసుకోవచ్చు. ఊడ్పుల రోజులు మంచి గిరాకీ. చీరలు ఎగ్గట్టి వరసగా వంగిన ఆడకూలీలు లేకుండా ఏ రిసార్టు గోడ మీదా ఫొటో ఉండదు. వాళ్లకు వాటా ఉంటుందా అని అడక్కండి. వాళ్లకు రోజు కూలి ఇస్తున్నారు. నడుం నొప్పి ఫొటోలో పడదు కనుక దానికి ధర కట్టడం సాంకేతికంగా కుదరదు. ఇక పొట్ట దశ నుంచి కంకి బంగారు రంగు తిరిగేదాకా అత్యధిక ధర. కోత మిషను దిగిన రోజు రేకులు పూర్తిగా దించేయాలి. ఆ మోత, ఆ దుమ్ము, ఆ డీజిలు వాసన ప్రశాంతత కోసం వచ్చినవాళ్లకు పనికిరావు.

రైతులు ఇప్పటికే సంబరపడిపోతుంటే కాస్త ఆగండి. కొనుగోలు అన్నాక పద్ధతులుంటాయి.

ముందు ఈ-క్రాప్‌లాగే ఈ-దృశ్యం నమోదు చేయించాలి. ఆ రోజు సర్వరు పని చేయదు. తర్వాత దృశ్యాన్ని రైతు సేవా కేంద్రానికి తీసుకెళ్లాలి. ఎలా తీసుకెళ్తారన్నది రైతు తిప్పలు. గోనె సంచులు ఇంకా రాలేదు, వచ్చాక కబురు చేస్తామంటారు. ఈలోగా అల్పపీడనం వస్తుంది. ఆరబోసిన దృశ్యం రోడ్డు మీదే తడిసిపోతుంది. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కోత పెడతారు కదా, దృశ్యానికి నియమం తిరగేసి ఉంటుంది. తడి తగ్గి మడి నెర్రెలిస్తే కోత. గ్రేడ్ ఏ దృశ్యానికి కొబ్బరి చెట్ల వరస, వెనక అస్తమిస్తున్న సూర్యుడు తప్పనిసరి. ఫ్రేములో కరెంటు స్తంభం పడితే సాధారణ రకం. సూర్యుడు మబ్బుల్లో ఉంటే రైతే పూచీ.

అన్నీ దాటుకుని మిల్లరు దగ్గరికి చేరితే ఆయన ఓ గుప్పెడు దృశ్యం అరచేతిలో వేసుకుని నలిపి చూస్తాడు. “పచ్చదనంలో పొల్లు ఎక్కువుందయ్యా, బస్తాకు రెండు కిలోలు తరుగు తీస్తున్నా. ఇష్టమైతే దింపు, లేకపోతే ట్రాక్టరు తిప్పుకో” అంటాడు. ట్రాక్టరు అద్దెది. తిప్పుకుంటే ఇంకో రోజు అద్దె. రైతు దింపుతాడు.

ఈ పథకంలో నాకు అన్నిటికంటే చిక్కుగా తోచినది కౌలుదారు విషయం. గోదావరి డెల్టాలో చేలోకి దిగి చేస్తున్నవాళ్లలో కౌలు రైతులే ఎక్కువ. పొలం ఒకరిది, పని ఒకరిది. పండిన గింజల్లో మక్తా బస్తాలు పోగా మిగిలింది కౌలుదారుది. మరి దృశ్యం ఎవరిది? నేనో లాయరు గారిని అడిగాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని, “ఫలసాయం కౌలుదారుది, దృశ్యసాయం భూస్వామిది. దృశ్యం భూమికి అంటుకుని ఉంటుంది కనుక స్థిరాస్తి కిందికి వస్తుంది” అని సెలవిచ్చారు. కౌలుదారు తన వాటా కోరాలంటే దృశ్య సాగుదారు హక్కు పత్రం తెచ్చుకోవాలి. దాని మీద భూస్వామి సంతకం ఉండాలి. భూస్వామి హైదరాబాదులోనో డాలసులోనో ఉంటాడు. సంక్రాంతికి వచ్చి అదే పొలం ఎదుట నిలబడి, పంచె కట్టుకుని ఫొటో దిగుతాడు. సంతకం మాట ఎత్తితే మాత్రం, “చూద్దాంలేరా, వచ్చే ఏడు” అంటాడు.

ఇది హాస్యం అనుకుంటున్నారా? 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టంలో దృశ్యం అన్న మాట తప్ప మిగతాదంతా ఉంది. పదకొండు నెలల కార్డు, దానికి యజమాని ఒప్పుకోలు. ఆ కార్డు లేనందుకు బ్యాంకు అప్పు రాదు, నష్టపరిహారం యజమాని ఖాతాలో పడుతుంది. ఆ యజమాని ఆ డబ్బు తెచ్చి ఇచ్చిన ఊళ్లు ఉన్నాయి. వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

సెక్రటరీ గారి ఫొటోల్లో ఒకటి ఇంకా నా ఫోనులో ఉంది. పచ్చటి చేలో అక్కడక్కడా గుండ్రంగా గోధుమ రంగు. “చూశారా, ఎండ పడి బంగారంలా మెరుస్తోంది” అని రాసి పంపారు. అది ఎండ కాదండీ. సుడిదోమ. మొదలు దగ్గర చేరి రసం పీల్చేస్తే చేను సుడులు సుడులుగా మాడిపోతుంది. మీరు బంగారమని ముచ్చటపడిన చోట ఒక మనిషి ఆ పొద్దున గట్టు మీద కూర్చుని, ఏ మందు కొట్టాలో, దానికి అప్పు ఎక్కడ తేవాలో ఆలోచించి ఉంటాడు. మీ బాల్కనీకీ ఆయన గట్టుకూ మధ్య వంద గజాలు కూడా ఉండి ఉండవు.

వరి భూమిలో కట్టడాలు వద్దన్న నిబంధన తప్పని నేను అనను. 2025 సెప్టెంబరు వరదల్లో బాలీలో పదిహేను మందికి పైగా పోయారు. నీరు ఇంకాల్సిన మళ్లను విల్లాలు మింగేశాయని అప్పుడు అందరికీ గుర్తొచ్చింది. వరి పొలాల్లో ఇక హోటళ్లకు అనుమతులు ఇవ్వబోమని గవర్నరు ప్రకటించారు. మంచిదే. కానీ ఆ విల్లాలన్నీ ఒక్క రాత్రిలో లేవలేదు. కుటా వైపు, చంగు వైపు మళ్లన్నీ ఈత కొలనులయ్యేదాకా అనుమతుల ముద్రలు ఎవరి బల్లల మీద ఉన్నాయి? వెయ్యేళ్లకు పైబడి సుబాక్ అనే నీటి సంఘాలు పెట్టుకుని, గుడి దగ్గర కూర్చుని, ఎగువవాడూ దిగువవాడూ వంతులు వేసుకుని ఆ మెట్లను నిలబెట్టింది రైతులు. యునెస్కో పత్రం ఇచ్చింది ఆ పనికే. ఆ పని చేసినవాడు నాలుగు కుర్చీలు వేసుకుని అన్నం అమ్ముకుంటే వారసత్వానికి భంగం. అదే పని చూస్తూ పక్కవాడు గది అద్దెకిచ్చుకుంటే అది పర్యాటకం. ఆ రైతు గింజ అమ్ముకుని బతకలేకపోతున్నాడని అందరికీ తెలుసు. అలా బతకలేకుండానే, రేకులు వేయకుండా, పచ్చగా, కదలకుండా, మన ఫొటో అయ్యేదాకా అక్కడే నిలబడి ఉండాలి. మనం కోరుకుంటున్నది అదే. సిగ్గు లేకుండా కోరుకుంటున్నాం.

బాలీ దూరం కదా అనుకునేవాళ్లు కోనసీమ దాకా రండి. ఆంధ్రా కేరళ అని పొగిడి పొగిడి పర్యాటకులను పిలిచే చోటు. 2011 సార్వాకు అక్కడి రైతులు నాట్లే వేయలేదు. వేల ఎకరాలు బీడు పెట్టి క్రాప్ హాలిడే అన్నారు. ఖర్చులు పెరిగాయి, ధర రావడం లేదు, కూలీలు దొరకడం లేదు, మురుగు కాలువలు పూడిపోయి చేలు మునుగుతున్నాయి అన్నారు. ఆ ఏడు దృశ్యం పండలేదు. దృశ్యం కోసం అప్పుడెవరూ ఏడవలేదు. మోహన్ కందా గారి కమిటీ వేశారు. కమిటీ వచ్చింది, తిరిగింది, నివేదిక ఇచ్చింది. 2022లో అదే కోనసీమలో రైతులు మళ్లీ క్రాప్ హాలిడే అన్నారు. పదకొండేళ్ల తర్వాత కూడా వాళ్లు చెప్పిన కారణాల్లో ఆ మురుగు కాలువలే ఉన్నాయి. ఈలోగా ఎన్ని మళ్లు రొయ్యల చెరువులయ్యాయో ఆ దారిన కారులో వెళ్లేవాళ్లకు కనబడుతూనే ఉంది.

నా పథకం అమలు చేయనక్కర్లేదు. రేకులూ వద్దు, కిటికీలూ వద్దు. పొలాల మధ్య ఇంకో రిసార్టుకు శంకుస్థాపన చేయడానికి వెళ్లే మంత్రిగారు దారిలో ఒక్కసారి కారు ఆపించి, ఆ కాలువలో పూడిక ఎంత ఎత్తుందో దిగి చూడండి. తీయించడానికి ఎవరి సంతకం కావాలో కనుక్కోండి. ఆ సంతకం పెట్టండి.